మూగ అక్షరములు

తెలుగున ఇంచుమించు పలికినట్లే వ్రాయుదుము. కావున ఆంగ్ల వర్ణక్రమము మన విద్యార్థులకు విసుగు పుట్టించుట సహజమే. సంతకము చేయుట యను అర్థము గల 'సైన్' అను మాటలో 'జి'ని వ్రాయవలెనట, పలుకరాదట! దానిని తొలగించిన నేమి యని కొందరందురు. తొలగింపరాదని నా అభిప్రాయము.

సంతకమునకు ఆంగ్లమున 'సిగ్నేచర్' అని పేరు. అందు ఆ 'జి' స్పష్టముగా వినబడును. చెవికి వేరుగా తోచు ఈ రెండు మాటలును తోబుట్టువులని కంటికి సాక్ష్యమిచ్చునది ఆ మూగ అక్షరమే. బాంబును ఆంగ్లేయులు 'బామ్' అందురు; కడపటి 'బి'ని మ్రింగివేయుదురు. మనమో, దానిని విడువక పలుకుచున్నాము! బాంబులు కురిపించుటను తెలుపు 'బంబార్డ్' అను మాటలో మాత్రము వారికిని ఆ 'బి'ని పలుకక తప్పదు.

అయితే మూగ అక్షరములన్నియు నమ్మదగిన సాక్షులు కావు. ద్వీపమను అర్థము గల 'ఐలండ్'లో మొదట 'ఎస్' లేదు. లాటిను మూలము గల 'ఐల్' అను మాటకు ఇది చుట్టమని భ్రమపడి, 16వ శతాబ్దమున దానిని చొప్పించిరి. అట్టి దొంగసాక్షిని పంపివేసినను నాకు విచారము లేదు.

1950లో మరణించిన బెర్నార్డ్ షా, ధ్వనిని మాత్రమే అనుసరించు క్రొత్త లిపికై తన వీలునామాలో ధనము కేటాయించెను. ఆ లిపిలో ఆయన నాటకమొకటి 1962లో అచ్చయ్యెను గాని లోకము దానిని చేపట్టలేదు. చేపట్టియుండినచో 'సైన్', 'సిగ్నేచర్'ల చుట్టరికము పుటపై కనబడకుండ పోయెడిది.