ఈ వయసులో ఆటలా? అవును, ఆటలే!

నలభై దాటిన ఆడవాళ్ళు పాత పాటలు వింటే ఎవరూ ఏమీ అనరు. పాత నవల మళ్ళీ చదివితే మెచ్చుకుంటారు కూడా. పాత వీడియో గేమ్ మళ్ళీ ఆడితే మాత్రం ఇంటిల్లిపాదికీ నవ్వులాట. "అమ్మా, నువ్వా!" అంటాడు మావాడు. నేనే నాయనా, నువ్వు పుట్టకముందు నుంచీ నేనే!

ఆ ఆట పేరు ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్. బెథెస్డా వాళ్ళు 2006 మార్చిలో విడుదల చేశారు. మనమే ఒక పాత్రగా మారి కథ నడపాలి. పెళ్ళయిన కొత్తలో మావారి కంప్యూటర్ మీద ఆడాను. దాన్నే 2025 ఏప్రిల్ 22న కొత్త హంగులతో రీమాస్టర్‌గా తెచ్చారు.

పాత ఇంటిని బాగుచేయించడంలో రెండు పద్ధతులున్నాయి కదా. గోడలు కూల్చి కొత్తది కట్టడం ఒకటి, గోడలు ఉంచి రంగులు వేయించడం ఒకటి. వీళ్ళు రెండోది చేశారు. లోపల నడిచేది చాలావరకు పాత యంత్రాంగమే. పైన కనిపించే వెలుగు, చెట్లు, రాళ్ళు, ముఖాలు కొత్తవి. ఎదుటివాళ్ళని మాటలతో మంచి చేసుకునే ఆ చక్రం కూడా అలాగే ఉంది. పొగడాలి, గొప్పలు చెప్పాలి, జోకు వేయాలి, బెదిరించాలి. ఎవరికి ఏది నచ్చుతుందో మొహం చూసి కనిపెట్టాలి. పెళ్ళివారింట్లో మనం చేసేది అంతకంటే వేరేనా చెప్పండి?

మార్చాల్సింది మార్చారు కూడా. పాత ఆటలో పాత్ర బలం సరిగ్గా పెరగాలంటే ఏ విద్య ఎన్నిసార్లు వాడామో చీటీ మీద లెక్క రాసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు స్థాయి పెరిగినప్పుడల్లా 12 పాయింట్లు చేతికిస్తారు, మనకి కావలసిన చోట పెట్టుకోవచ్చు. పాలవాడి లెక్క, చీటీపాటల లెక్క చాలవని ఆటలోనూ లెక్కలెందుకు? ఒక్క కష్టం మాత్రం ఉంది. దీనికి దాదాపు 120 జీబీ జాగా, మంచి కంప్యూటర్ కావాలి. పాత అభిమానులందరి ఇళ్ళల్లో అవి ఉండవు.

అసలు నాకు ఇష్టమైంది కథ. ఇందులో మనం రాజకుమారులం కాదు, పేరూ ఊరూ లేని ఖైదీలం. చక్రవర్తి చనిపోతూ ఒక పతకం మన చేతిలో పెట్టి, తన కొడుకుని వెతకమంటాడు. ఆ కొడుకు మార్టిన్. కాలిపోతున్న ఊళ్ళోంచి అతన్ని బయటికి తెచ్చేది మనం. అతను అడిగిన వస్తువులన్నీ ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చేది మనం. ఆఖరికి లోకాన్ని కాపాడేది మాత్రం అతను. పెళ్ళయిన కొత్తలో అది నాకు మంచి మలుపుగా తోచింది. ఇరవై ఏళ్ళు సంసారం చేశాక ఆడితే మన ఇళ్ళ కథే అనిపించింది. పరీక్ష రాసేది పిల్లలు, ప్రమోషన్ వచ్చేది ఆయనకి, వెనక అమర్చి పెట్టేది మనం. కాకపోతే ఆ ఆటలో కథ ముగిశాక మనల్ని వీరుడని పిలిచి కవచం ఇస్తారు. ఇళ్ళల్లో అదీ లేదు!

అందుకే నా మాట ఒకటే. మధ్యాహ్నం వంటిల్లు సర్దాక దొరికే ఆ గంట మనది. అందులో సీరియల్ చూసినా, కుట్టుకున్నా, గుర్రమెక్కి కొండలు దాటినా ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. మగవాళ్ళు గంటల తరబడి క్రికెట్ చూస్తే దేనికి పనికొస్తుందని ఎవరైనా అడుగుతున్నారా? మనం మాత్రం మన సరదాకి ఏదో ఒక ప్రయోజనం చూపించాలట.

పెళ్ళికి ముందు మీకు ఇష్టమై, తర్వాత అటకెక్కిన సరదా ఏమిటి? దాన్ని ఒకసారి కిందకి దించి దుమ్ము దులపండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.