ఆలస్యముగా తెడ్డు పట్టినవాడు

ఆటలయందు నేర్పు పుట్టుకతో రావలెననియు, చిన్ననాడే అలవడనివానికి తరువాత నెంత శ్రమించినను అబ్బదనియు మనలో పలువురు తలంచుచున్నారు. “మొక్కై వంగనిది మ్రానై వంగునా” యను సామెతను ఇందుకు ప్రమాణముగా చూపుదురు. నడవడి విషయమున నా సామెత నిజమే కావచ్చును. కాని దానిని సమస్తమునకును వర్తింపజేసి, తొమ్మిదవ తరగతిలో మొదటిసారి ఆటస్థలమునకు వచ్చిన బాలుని “నీకిక కాలము మించినది” అని మరలించుట న్యాయము కాదని మా యభిప్రాయము. ఇందుకు సాక్ష్యముగా నొక పడవపందెగాని చరిత్రను చదువరుల ముందుంచుచున్నాము.

జో రాంట్జ్ అనువాడు 1914లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున స్పోకేన్ పట్టణమందు జన్మించెను. పసితనముననే తల్లి గతించెను. తండ్రి మరల వివాహమాడెను. 1929లో, రాంట్జునకు పదునైదేండ్ల ప్రాయమున, తండ్రియు సవతితల్లియు చిన్నపిల్లలను వెంటబెట్టుకొని ఊరు విడిచిపోవుచు, ఇతనిని మాత్రము ఒంటరిగా వదలిపోయిరి. అతడు చెట్లు నరికియు, చేపలు పట్టియు పొట్ట పోసికొనుచు, చదువు మానక, 1933లో సియాటిల్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట వై.ఎం.సి.ఏ. భవనమున ఊడ్చుపని చేసి, అందుకు ప్రతిగా నొక చిన్న గదిలో తల దాచుకొనెను. అంతవరకు పందెపు పడవను నడిపినవాడు కాడు.

పందెపు పడవ మన గోదావరి పడవవంటిది కాదు. అది 60 అడుగులకు మించిన పొడవును, మనిషి కూర్చుండుటకు మాత్రము చాలు వెడల్పును గలది. ఎనిమిదిమంది వరుసగా కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క తెడ్డు వేయుదురు. కూర్చుండు పీట ముందు వెనుకలకు జారుచుండును. కావున భుజబలముకంటె కాళ్ల బలమే ఎక్కువ పనిచేయును. ఈ యెనిమిదిమందియు పడవ పోవు దిక్కునకు వీపు త్రిప్పి కూర్చుందురు. ముందున్న దారి కనబడునది చుక్కాని పట్టిన తొమ్మిదవవానికి మాత్రమే. ఒక్కని తెడ్డు క్షణమాత్రము వెనుకబడినను పడవ ఊగి వేగము తగ్గును.

ఇంత కష్టమైన విద్యకు ఆ విశ్వవిద్యాలయమువారు పూర్వానుభవమును కోరలేదు. 1933లో మొదటి సంవత్సరపు విద్యార్థులు నూరుమందికి మించి వచ్చిరి. వారిలో పెక్కండ్రు తెడ్డు ఎరుగనివారే. టామ్ బోల్స్ అను శిక్షకుడు వారిని మొదట ఓల్డ్ నీరో అను వెడల్పైన బల్లకట్టుపై కూర్చుండబెట్టి ఓనమాలు దిద్దించెను. చలికిని వానకును ఓర్వలేక చాలమంది మానిరి. రాంట్జ్ మానలేదు. 1934లో పొకీప్సీ పందెమున మొదటి సంవత్సరపు పడవ గెలిచినపుడు అతడందులో నుండెను.

కాని యా గెలుపుతో అతని దారి సుగమము కాలేదు. తరువాతి రెండేండ్లలో ప్రధాన శిక్షకుడైన ఆల్ అల్బ్రిక్సన్ అతనిని ఒక పడవనుండి మరియొక పడవకు పలుమారులు మార్చెను. 1935 వేసవిలో ఖర్చులకై గ్రాండ్ కూలీ ఆనకట్టవద్ద రాళ్లు పగులగొట్టు పని చేసెను. బలమునకు కొదువ లేదు. కొదువ యెల్ల తోటివారిని నమ్ముటయందే. కన్నవారే విడిచిన బాలునికి పరులను నమ్ముట సులభమా? పడవలు చేయు శిల్పి జార్జ్ పోకాక్ అతనిని చేరదీసి, తోటివారిపై విశ్వాసముంచనిదే పడవ సాగదని బోధించెను. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో దేహమునుగూర్చియు దాని యవయవములనుగూర్చియు చెప్పినది మన విద్యార్థు లెరుగుదురు. దాని యర్థము ఇట్టి పడవలో కండ్లకు కట్టును.

1936లో ఆ తొమ్మిదిమంది పొకీప్సీలోను, ఒలింపిక్ జట్టును నిర్ణయించు ప్రిన్స్‌టన్ పందెమునందును గెలిచిరి. ప్రయాణమునకు 5,000 డాలర్లు తామే తెచ్చుకొనవలెనని చెప్పగా, సియాటిల్ పౌరులు చందాలెత్తి సమకూర్చిరి. 1936 ఆగస్టు 14వ తేదీన బెర్లిన్ చెంత గ్రూనౌలో, ముందు తెడ్డువాడు డాన్ హ్యూమ్ జబ్బుతోనున్నను, ఎదురుగాలిలో వెనుకబడి బయలుదేరియు, 2,000 మీటర్లను 6 నిమిషముల 25.4 సెకండ్లలో దాటి స్వర్ణపతకము నొందిరి. రెండవదైన ఇటలీ పడవ 6 నిమిషముల 26 సెకండ్లలో చేరెను.

ఆటలు చదువును చెరచునని భయపడు తలిదండ్రులు ఒక్క సంగతి గమనింతురుగాక. రాంట్జ్ రసాయన ఇంజనీరింగు పట్టమొంది, బోయింగ్ విమాన సంస్థలో చిరకాలము పనిచేసెను. చుక్కాని పట్టిన రాబర్ట్ మాక్ న్యాయవాది యయ్యెను. చార్లెస్ డే వైద్యుడయ్యెను.

ఇది పరదేశపు వింత యనరాదు. 2010లో గ్వాంగ్జౌ ఆసియా క్రీడలలో ఏకవ్యక్తి పడవపందెమున స్వర్ణమొందిన బజరంగ్ లాల్ తాఖర్ రాజస్థానమువాడు. సైన్యమున చేరిన పిమ్మటనే తెడ్డు పట్టెను. బాలికల విషయమున నీ మూసిన తలుపులు మరింత బరువైనవి. ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు పడవపందెము 1976లోగాని ప్రవేశపెట్టబడలేదు. అశక్తులని తలచుటయే గాని, వారిని పరీక్షించి చూచినవారెవరు?

వచ్చినవారందరికిని జట్టులో చోటీయవలెనని మేము చెప్పుట లేదు. నూరుమందిలో తొమ్మండుగురే పడవ నెక్కగలరు. చోటు శ్రమచేత సంపాదింపవలసినదే. కాని ప్రయత్నించుటకు అనుమతి మాత్రము అందరిదిగా నుండవలెను. కావున ప్రతి పాఠశాలయందును సంవత్సరారంభమున నొక మాసము, ఎన్నడును ఆడని బాలబాలికలకే ఆటస్థలమును కేటాయింపవలెను. జట్టుల యెన్నిక అటుపిమ్మటనే జరుగవలెను. పేదవారికి బూట్లును దుస్తులును కొరవడినచో సియాటిల్ పౌరులవలె ఊరివారు చేయూత నీయవలెను. తలిదండ్రులు సాయంకాలమున నొక గంట విడిచిపెట్టవలెను.

ప్రియ విద్యార్థులారా, ఆలస్యమైనదని సిగ్గుపడి గోడ నానుకొని నిలువకుడు. ఉపాధ్యాయులమైన మేము మిమ్ము చూచి, చేయిపట్టి పిలువవలసినవారము. ఎవనిలో నేమి దాగియున్నదో, వాడు తెడ్డు పట్టువరకు వానికిని తెలియదు, మాకును తెలియదు.