సిస్టర్ మాటకు విలువ ఇవ్వండి

పిల్లల వార్డుకు డాక్టరు రౌండ్స్‌లో వచ్చి వెళ్తారు. బిడ్డకు చొక్కా తీసి ఒళ్ళు తుడిచేది, సూది వేసేది, రాత్రంతా కనిపెట్టుకుని ఉండేది నర్సు. ఇంటివాళ్ళలో ఒకరి గొంతు వినగానే బిడ్డ బిగుసుకుపోవడం, దెబ్బ ఎలా తగిలిందన్న కథ పొద్దుటికీ సాయంత్రానికీ మారిపోవడం ముందుగా ఆమె కంటపడతాయి. కానీ చాలాసార్లు, బిడ్డను ఎవరో హింసిస్తున్నారేమోనన్న ఆ అనుమానం ‘మనకెందుకులే సిస్టర్’ అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. అక్కడే మనం బిడ్డకు ద్రోహం చేస్తున్నాం.

ఆమె అనుమానం ఊరికే పుట్టదు. నడక వచ్చిన పిల్లలకు మోకాళ్ళకు, నుదుటికి దెబ్బలు మామూలే. ఇంకా బోర్లా పడని పసిబిడ్డ ఒళ్ళు కమిలితే మామూలు కాదు. నాలుగేళ్ళలోపు పిల్లలకు చెవి, మెడ, పొట్ట, వీపు కమిలి ఉంటే ఆరా తీయాల్సిందే. వేడినీళ్ళు ఒలికితే కాలిన గాయాలు చెదురుమదురుగా ఉంటాయి. రెండు చేతులూ ఒకే గీత దాకా కాలితే, ఎవరో ముంచి పట్టుకున్నారేమోనని చూడాలి.

ఇవేవీ రుజువులు కావు. జబ్బువల్ల వచ్చిన మచ్చలేవో డాక్టరు తేలుస్తారు, నేరం సంగతి కోర్టు తేలుస్తుంది. నర్సు చేయాల్సింది, చూసింది చూసినట్టు, బిడ్డ అన్నది అన్నట్టు కేస్ షీట్‌లో రాసి వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పడం. బిడ్డను గుచ్చిగుచ్చి అడగకూడదు, ఇంటివాళ్ళ ఎదుట నిలదీయకూడదు.

లైంగిక నేరమైతే చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, విషయం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. అందులో నర్సూ ఉంది. దాచితే ఆరు నెలల దాకా జైలుశిక్ష పడొచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసు పెట్టడానికి వీల్లేదు. ఎఫ్ఐఆర్ లేకపోయినా వైద్యపరీక్ష చేయవచ్చు. అత్యవసర చికిత్సకు ముందు పోలీసు కాగితం అడగకూడదని ఈ చట్టం కింద వచ్చిన 2020 నియమాలు చెబుతున్నాయి.

అయితే పెద్దమనుషుల ఫోన్ల నుంచి, యాజమాన్యం భయాల నుంచి నర్సును కాపాడాల్సింది ఆస్పత్రే. అనుమానం వస్తే ఎవరికి చెప్పాలో ప్రతి ఆస్పత్రీ రాతపూర్వకంగా నిర్ణయించాలి. చెప్పిన నర్సు పేరు బయటికి పొక్కనీయకూడదు. నర్సింగ్ కాలేజీల్లో ఈ గుర్తులన్నీ శిక్షణలో భాగంగా నేర్పాలి.

సిస్టర్లకు ఒక మాట. మీ అనుమానం తప్పయితే ఒక కుటుంబం కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. అది నిజమై, మీరు మౌనంగా ఉంటే ఆ బిడ్డ మళ్ళీ అదే చేతుల్లోకి వెళ్తుంది. కేస్ షీట్‌లో రాయండి, పైవారికి చెప్పండి, వాళ్ళు పట్టించుకోకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.