చిప్ దొరుకుతుంది, అందులోని రాత దొరకడమే కష్టం

2025లో ప్రధాన మెమరీ తయారీ సంస్థలు డీడీఆర్4 రకం చిప్‌ల ఉత్పత్తిని క్రమంగా విరమించుకుంటున్నాయని తేలగానే, పాతబడిందనుకున్న ఆ సరకు ధర ఒక్కసారిగా ఎగబాకింది. తయారీ ఆగిపోయిన మెమరీతో నెట్టుకురావడం అందరికీ కొత్త కాదు. ఒకప్పుడు వీడియో గేమ్ పార్లర్లలో నాణెం వేసి ఆడిన యంత్రాల బోర్డులను బతికించుకుంటున్న సేకర్తలు, మరమ్మతు నిపుణులు దశాబ్దాలుగా ఈ సమస్యతోనే సావాసం చేస్తున్నారు. చిప్ స్థానంలో మరో చిప్ అమర్చడానికి ఏదో ఒక దారి దొరుకుతుందని, చెరిగిపోయిన సమాచారాన్ని తిరిగి రాయడానికి మాత్రం సాంకేతికతతో పాటు చట్టం అనుమతి కూడా కావాలని వారి అనుభవం చెబుతోంది.

ఆ బోర్డుల్లో ఆట ప్రోగ్రామ్ చాలావరకు ఈప్రోమ్ చిప్‌లలో ఉంటుంది. ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమన్ 1971లో రూపొందించిన ఈ చిప్‌కు పైభాగాన చిన్న క్వార్ట్‌జ్ కిటికీ ఉంటుంది. దాని గుండా అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేస్తే పాత సమాచారం చెరిగి, కొత్తది రాయడానికి వీలవుతుంది. విద్యుత్తు ప్రవహించని పొరల మధ్య చిక్కుకున్న ఎలక్ట్రాన్ల రూపంలోనే సమాచారం నిలుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ అవి కొద్దికొద్దిగా జారిపోతాయి. కిటికీపై అంటించిన చీటీ ఊడిపోతే వెలుతురు కూడా ఆ పనికి తోడవుతుంది.

ఇలాంటి చిప్‌ను మార్చడం చేయి తిరిగినవారికి పెద్ద పని కాదు, అయితే చిక్కులు లేకపోలేదు. అమెరికాలో మిడ్‌వే సంస్థ 1980లో విడుదల చేసిన పాక్-మ్యాన్ బోర్డులో ప్రోగ్రామ్ అంతా కలిపి 16 కిలోబైట్లే. అది నాలుగు 2532 చిప్‌లలో ఇమిడింది. అంతే సామర్థ్యమున్న 2732 చిప్ చేతికందినా, రెండింటి పిన్నుల అమరిక ఒకటి కాదు కనుక మధ్యలో అడాప్టర్ పెట్టాల్సిందే. ఆట నడుస్తుండగా తాత్కాలికంగా వాడే మెమరీది మరో కథ. 4116 చిప్‌కు మూడు వేర్వేరు వోల్టేజీలు అవసరం. తర్వాత వచ్చిన 4164కు 5 వోల్టులు చాలు. బోర్డుపై కొన్ని ట్రాకులు తెంచి కలిపితే అది సరిపోతుంది. పైగా ఆ చిప్ ఖాళీగా వచ్చినా నష్టం లేదు. ప్రోగ్రామ్ ఉండాల్సిన చిప్ ఖాళీగా వస్తే ఎందుకూ పనికిరాదు.

జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ సంస్థ 1993లో తెచ్చిన సీపీఎస్-2 బోర్డు ఈ తేడాను స్పష్టంగా చూపింది. అంతకుముందు స్ట్రీట్ ఫైటర్ 2 ఆటకు నకిలీ బోర్డులు వెల్లువెత్తాయి. దాంతో కొత్త బోర్డులో ప్రోగ్రామ్‌ను సంకేత భాషలోకి మార్చి చిప్‌లలో ఉంచారు. దాన్ని విప్పే తాళంచెవిని బ్యాటరీ శక్తితో నిలిచే చిన్న మెమరీలో దాచారు. బ్యాటరీ నీరసిస్తే తాళంచెవి మాయమవుతుంది. మిగిలిన చిప్‌లన్నీ చెక్కుచెదరకున్నా బోర్డు మూగబోతుంది. సేకర్తలు దానికి 'ఆత్మహత్య బ్యాటరీ' అని పేరు పెట్టడంలో అతిశయోక్తి లేదు. నకిలీలను ఆపడానికి వేసిన తాళం చివరకు డబ్బు పెట్టి కొన్న యజమానినే బయట నిలబెట్టింది.

పరిష్కారం విడతలుగా వచ్చింది. సంకేతాలు విప్పిన ప్రోగ్రామ్‌ను కొత్త చిప్‌లలో రాసి, చనిపోయిన బోర్డులను 'ఫీనిక్స్' పేరిట లేపడం మొదటి ఉపాయం. 2007లో నికోలా సల్మోరియా, ఆండ్రియాస్ నైవ్ ఆ సంకేత విధానాన్నే ఛేదించారు. బోర్డులోని అసలు చిప్‌లను కదిలించకుండానే తాళంచెవిని తిరిగి రాసే పద్ధతిని 2016లో ఎడ్వార్డో క్రూజ్, ఆయన సహచరులు వెల్లడించారు. బోర్డు విడుదలైన 23 ఏళ్లకు గానీ దాని సహజ స్థితి తిరిగి రాలేదు. ఈ పనంతా స్వచ్ఛందంగా జరిగినదే.

చట్టం ఈ వాస్తవాన్ని ఇంకా పూర్తిగా అందుకోలేదు. అమెరికాలో అటారీ సంస్థకూ, జేఎస్ అండ్ ఏ సంస్థకూ మధ్య 1983లో నడిచిన వ్యాజ్యంలో ఫెడరల్ న్యాయస్థానం ఆట క్యాట్రిడ్జ్‌లోని రోమ్‌కు విద్యుత్, యాంత్రిక వైఫల్యాల ముప్పు లేదని భావించింది. అందువల్ల బ్యాకప్ నకలు తీసుకునే హక్కు దానికి వర్తించదని తేల్చింది. మెమరీ చిప్ కూడా ఒకనాటికి చెడిపోతుందని నేడు మరమ్మతు బల్ల దగ్గర కూర్చున్న ఎవరైనా చెప్పగలరు.

భారత చట్టం కొంత ఉదారంగానే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52(1)(ఏఏ) ప్రకారం, కంప్యూటర్ ప్రోగ్రామ్ ప్రతి న్యాయబద్ధంగా తన వద్ద ఉన్న వ్యక్తి నష్టం, నాశనం, చెడిపోవడం నుంచి రక్షణగా బ్యాకప్ తీసుకోవచ్చు. 2012లో చేర్చిన సెక్షన్ 65ఏ సాంకేతిక తాళాలను ఛేదించడాన్ని నేరంగా పరిగణించేది హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో చేసినప్పుడే. అయితే మొదటి నిబంధనలో ఒక మెలిక ఉంది. నకలు తీయాల్సింది తన వద్ద ఉన్న ప్రతి నుంచే. చిప్ చెరిగిపోయాక యజమాని వద్ద నకలు తీయడానికి ఏమీ మిగలదు. అదే ఆట ఉన్న మరొకరి బోర్డు నుంచి తెచ్చుకుంటే ఆ నిబంధన అక్షరాలా రక్షణ ఇవ్వదు. 1997లో మొదలైన మేమ్ ప్రాజెక్టు వేలాది ఆటల చిప్‌లకు చెక్‌సమ్‌లను నమోదు చేసింది. వాటితో చిప్‌లోని సమాచారం సరైనదో కాదో పోల్చుకోవచ్చు తప్ప, పోయినదాన్ని రాబట్టలేరు. చిప్ చెడకముందే నకలు తీసుకున్నవారికి చట్టం అండగా ఉంది. చాలామందికి ఆ అవసరం తెలిసేది తెర మీద చెత్త గీతలు కనిపించాకే.

ఇదంతా ఆటబొమ్మల గొడవ అనుకోవడానికి వీల్లేదు. హైదరాబాద్ బాలానగర్ నుంచి కోయంబత్తూరు వరకు చిన్న కర్మాగారాల్లో నడుస్తున్న పాత సీఎన్‌సీ యంత్రాల పారామీటర్లు కూడా బ్యాటరీ మీద ఆధారపడిన మెమరీలోనే ఉంటాయి. కరెంటు ఆపి బ్యాటరీ తీస్తే యంత్రం తన కొలతలన్నీ మరిచిపోతుంది. అప్పుడు ఆ షెడ్డులో ఎవరైనా ముందుజాగ్రత్తగా రాసిపెట్టుకున్న పారామీటర్ల కాగితమే మిగిలిన ఏకైక ప్రతి.