పురిటికొచ్చే కొంగలు

బెంగుళూరు నుంచి లేపాక్షి బసవన్నను చూడబోయేవాళ్ళు కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పెద్దరోడ్డు దిగి చిలమత్తూరు మీదుగా వెళ్తారు. ఆ మండలంలోనే ఉన్న వీరాపురం సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఊరి నడుమ చింతచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు ఏటా గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి. సంక్రాంతి ప్రాంతాల వస్తాయి, పిల్లలకు రెక్కలొచ్చాక వెళ్ళిపోతాయి. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు ఊరివాళ్ళు. (చెట్ల కింద వాకిళ్ళు ఊడ్చే ఇల్లాళ్ళ ఓపికకు దణ్ణం పెట్టాలి!)

వీటిని సైబీరియా పక్షులనటం అలవాటైపోయింది. కాదండీ, మన దేశం పక్షులే. సైబీరియావే అయితే వాటి రాకపోకలు ఎక్కడో మంచుదేశపు చలిని బట్టి అనుకుని ఊరుకోవచ్చు. మనవి కాబట్టి మన చెరువును అడగాలి.

గూటికి రెండు నుంచి అయిదు గుడ్లు. నెల్లాళ్ళు పొదగాలి, ఆపైన రెండు నెలలు చేపలు తెచ్చి మేపాలి. అంటే నిండు వేసవిలో చెరువులో నీళ్ళుండాలి. ఎండ మండిపోతుంటే తల్లి రెక్కలు గొడుగులా విప్పి పిల్లలకు నీడపడుతుంది, గొంతులో నీళ్ళు తెచ్చి పోస్తుంది. ఎండ ముదిరేకొద్దీ ఆ చాకిరీ పెరుగుతుంది, చెరువేమో ఆవిరైపోతుంది.

నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే కురిసేసి ఇటు వట్టి చేతులతో వస్తాయి. అనంతపురం సీమకు ఏడాదికి దక్కేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఓ పద్ధతిగా రావటంలేదు. 2018లో కరువు. 2021 నవంబరులో చిత్రావతి పొంగి, వెల్దుర్తి దగ్గర ఏట్లో చిక్కుకున్నవాళ్ళను హెలికాప్టరుతో తీయాల్సొచ్చింది. సగటు లెక్క చూస్తే బాగానే ఉంటుంది. కానీ వారానికి సరిపడా పాలు ఒక్కపూటే తెచ్చి వాకిట్లో పెడితే ఏం చేసుకుంటాం, చెప్పండి?

చెరువెండితే కొంగలు ఇంకో ఊరు చూసుకుంటాయి. ఆ చెరువు కిందే బోరున్న ఇల్లాలు ఎక్కడికి పోతుంది? పూడిక తీయించమని, వాగునీళ్ళు చెరువులోకొచ్చే కాలవలు పూడ్చనివ్వద్దని గ్రామసభలో గట్టిగా అడగాల్సింది మనమే. బిందెలు మోసేది మనం కదా.

వీరాపురం వెళ్తే మాత్రం పులిహోర పొట్లాలు బస్సులోనే విప్పుకోండి. చెట్ల కింద కేకలు వద్దు, గూళ్ళలో పసిపిల్లలుంటాయి.