లాభ మున్నది, రొక్కము లేదు

"వదినగారూ, లెక్క చూచిన లాభమే కనబడుచున్నది, పెట్టె తెఱచిన రొక్కము లేదు. ఎక్కడ తప్పితిని?" అనుచు మా వీథిలో ఊరగాయల వర్తకము సేయు నొక యిల్లాలు గడచిన శ్రావణమున లెక్కల పుస్తకముతో మా యింటికి వచ్చెను. కుమారుని కళాశాల రుసుమునకై ఆ యుదయముననే బ్యాంకులో గాజులు కుదువబెట్టి వచ్చినదట.

ఆమె లెక్క యిది. వేసవిలో 240 కిలోల ఆవకాయ పెట్టెను. కాయ, కారము, ఆవపిండి, నూనె, ఉప్పు, సీసాలు కలిసి కిలోకు 250 రూపాయల చొప్పున 60,000 వ్యయమయ్యెను. ఇందు 20,000 తన సొమ్ము, 40,000 అప్పు. కిలో 350కి అమ్మిన 84,000 వచ్చును గనుక లాభము 24,000 అని వ్రాసికొనెను. కూడికలో దోషము లేదు. అప్పటికే 160 కిలోలు అమ్ముడుపోయినవి కూడ. కాని వాని వెల 56,000లో చేతికి వచ్చినది 21,000 మాత్రమే. తక్కిన 35,000 అంగళ్లవారివద్ద అరువై నిలిచెను. వచ్చినదియు వడ్డీకిని, ఇంటి సరకులకును సరిపోయెను.

ఊరగాయల వర్తకమున సొమ్ము రెండు నెలలలో పోవును, పండ్రెండు నెలలు వచ్చును. ఈ నడిమి కాలమును గడుపుటకు వలయు ధనమే నిర్వహణ మూలధనము. జాడీలకు, త్రాసునకు, కారపు మరకు పెట్టినది స్థిర మూలధనము. అమరకోశమున 'నీవి' యను మాటకు మూలధనమనియు, స్త్రీల పోకముడి యనియు రెండర్థములు గలవు. రొక్కమును కొంగున ముడివేసికొను మనకు ఈ పొత్తు వింతగా తోపదు! కౌటిల్యుని యర్థశాస్త్రమున ఆయము, వ్యయము పోగా మిగిలినదియు నీవియే. నేనామె పుస్తకమున నెలకొక పుటపై ఈ మూడు గళ్లే గీచితిని. సీసా అంగడికి పోయిననాడు గాక, సొమ్ము చేతబడిననాడే ఆయమున వ్రాయవలెను. చైత్రముననే యిట్లు అంచనా వేసికొనియుండిన, శ్రావణపు గండి ముందే కనబడియుండెడిది.

రెండవ పొరపాటు వడ్డీని విడుచుట. "రెండు రూపాయలే" యని యామె తేలికగా పలికెను. అది నూటికి నెలకు రెండు, అనగా ఏటికి 24. బ్యాంకువారు చెప్పునది ఏటి లెక్క, వీథిలో చెప్పునది నెల లెక్క. ఈ రెంటిని సరిపోల్చి మోసపోయినవారు పెక్కుమంది. 40,000కు నెలకు 800, పది నెలలకు 8,000. జాడీల తరుగుదలకు, మర బాగుచేతకు మఱి 4,000. కిలో అమ్మినను, అమ్మకున్నను ఈ 12,000 తప్పదు. ఇది స్థిర వ్యయము. కిలోకు మిగులునది 100 గనుక, మొదటి 120 కిలోలు దీనికే చెల్లును. ఆపైని వచ్చునదే లాభము, అదియు 12,000. ఇందు ఆమె చేతుల కష్టమునకు కూలి కట్టనేలేదు.

ఇక ధనమెచ్చట దొరకును? స్వయంసహాయక సంఘములకు బ్యాంకు ఋణము లభించునట్లు నాబార్డు 1992లో ఏర్పాటు చేసెను. 2015లో వచ్చిన ముద్రా పథకమున 'శిశు' తరగతి క్రింద 50,000 వఱకు తాకట్టు లేకయే అడుగవచ్చును. కాని నాలుగు నెలల అక్కఱకు నాలుగేండ్ల అప్పు తెచ్చుట తగదు, మరకొఱకు నాలుగు నెలల చేబదులు తెచ్చుటయు తగదు. అన్నిటికన్న చౌక, కొనువారిచ్చు బయానా. దానికి వడ్డీ లేదు.

అంగళ్లవారిని సగము సొమ్ము ముందుగా అడుగుటకు ఆమె మొదట సంకోచించెను. అడుగగా ఇద్దరు కాదనిరి, ముగ్గురు ఒప్పుకొనిరి. రాబోవు వేసవికి 150 కిలోలే పెట్టదలచినది. గాజులింకను బ్యాంకులోనే యున్నవి. పాత బాకీలు వసూలైన, ఉగాదికి విడిపింపగలనని యామె యంచనా.