బెంగకు మందుచీటీ

గుంటూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా బల్లమీద వుంది. ఆమె వదినగారు కొడుకూ కోడళ్ళతో చాలాకాలంగా ఇంగ్లండులో స్థిరపడ్డారట. భర్త పోయి ఏడాదిన్నర. అప్పటినుంచి నిద్ర లేదు, ఆకలి లేదు, రోజుకొక చోట నొప్పి. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, పెద్ద జబ్బేమీ కనబడలేదని చెప్పి, ఒకావిడ పేరు రాసిచ్చి కలుసుకోమన్నాడట. ఆవిడ గంటసేపు కూర్చుని ఆ మాటా ఈ మాటా అడిగి, చివరకు, "మీ ఇంటి దగ్గరలో పదిమంది కలిసి కూరగాయలు పెంచుకునే తోట వుంది, వారానికొకసారి వెళ్ళిరండి" అన్నదట. "ఒంట్లో బాగాలేదని వెళితే మొక్కలకు నీళ్ళు పొయ్యమంటారా? ఫోనులో వదిన ఒకటే ఏడుపు. ఇదేం వైద్యమండీ?" అని ఈ సోదరి ప్రశ్న.

కోపం రావడం సహజమే. మనకు డాక్టరంటే చీటీ రాయాలి. సూది కూడా వేస్తే మరీ తృప్తి. పైగా మనోవ్యాధికి మందు లేదని పెద్దలు ఏనాడో తేల్చేశారు. కాని ఆ డాక్టరు వదినగారిని వదిలించుకోలేదు. ఆయన రాసిందీ చీటీయే. మందుల షాపులో చెల్లదు, అంతే. అక్కడ దీనిని సోషల్ ప్రిస్క్రైబింగ్ అంటున్నారు. 'సాంఘిక చికిత్స' అని తెలుగు చెయ్యవచ్చు గాని, ఆ మాట వింటే ఏదో మహాసభ తీర్మానంలా వుంది. బెంగకు చీటీ అంటే మన ఇళ్ళలో అందరికీ తెలుస్తుంది.

'బెంగ' చాలా మంచి మాట. దిగులు ఊరికే కలగవచ్చు. బెంగ మాత్రం ఎవరిమీదనో, దేనిమీదనో పెట్టుకుంటాం. పసివాడు తల్లిమీద, కొత్తకోడలు పుట్టింటిమీద, పింఛను పుచ్చుకున్న గుమాస్తా ఆఫీసుమీద. బెంగతో జ్వరం తగిలిందంటే మన పల్లెల్లో ఎవరూ నవ్వరు. "ఎవరిమీద?" అని అడుగుతారు. ఇంగ్లండు డాక్టరుకు ఆ ప్రశ్న అడిగే తీరిక లేదు. ఒక్కొక్క రోగికి ఆయన దగ్గర దొరికేది సుమారు పది నిమిషాలు. తమ దగ్గరకు వచ్చే అయిదుగురిలో ఒకరిని గుమ్మం దాకా తెచ్చింది జబ్బు కాదనీ, ఒంటరితనమో, అప్పో, ఇంటి చిక్కో అనీ అక్కడి కుటుంబ వైద్యుల అంచనా. అందుకే ఆ ప్రశ్న అడగడానికి వేరే మనిషిని పెట్టారు.

ఆ మనిషినే లింక్ వర్కర్ అంటారు. ఆమె డాక్టరూ కాదు, నర్సూ కాదు. మీకేం జబ్బని అడగదు, మీకేది ముఖ్యమని అడుగుతుంది. ఆ వూళ్ళో ఏ సంఘం ఎక్కడ, ఏ రోజున కలుస్తుందో ఆమెకు కంఠతా వుండాలి. కలిసి పాడుకునేవాళ్ళు, కలిసి నడిచేవాళ్ళు, కుట్టుపని చేసుకునే ఆడవాళ్ళు, వడ్రంగం చేసుకుంటూ కబుర్లాడుకునే మగవాళ్ళ షెడ్డులు (ఇవి 1990లలో ఆస్ట్రేలియాలో మొదలైనాయి), అప్పుల లెక్క చూసి సలహా చెప్పే కేంద్రాలు. అద్దె కట్టలేక నిద్రపట్టనివాడిని ఆమె పాటలకు పంపదు, సలహా కేంద్రానికి పంపుతుంది. 2019 జనవరిలో అక్కడి జాతీయ ఆరోగ్య సేవ దీనిని తన ప్రణాళికలోనే చేర్చింది. 2021 నాటికి వెయ్యిమందికి పైగా లింక్ వర్కర్లను నియమించాలనీ, 2023–24 నాటికి తొమ్మిది లక్షలమందిని వారి దగ్గరకు పంపాలనీ లక్ష్యం పెట్టుకుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి వేరే వుంది. "నలుగురిలో కలుస్తూ వుండమ్మా" అని మనమందరం చెబుతాం. చెప్పడం ఎంతసేపు! ఆ కలవడానికి మొదటిరోజున గడప దాటాలి. తెలియని గదిలోకి ఒక్కతే అడుగుపెట్టాలి. పదిమంది తలలెత్తి చూస్తారు. ఏ కుర్చీలో కూర్చుంటే ఎవరికి కోపమో తెలియదు. ఆ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కు తిరిగి వచ్చేసి, ఇంట్లోవాళ్ళతో "ఇవాళ వాళ్ళు లేరు" అని చెప్పేవాళ్ళుంటారు. చిరునామా చేతిలో పెట్టినంత మాత్రాన బెంగపడ్డ మనిషి వెళ్ళలేదు, వెళ్ళగలిగితే ఆ బెంగే వుండదు. మంచి లింక్ వర్కర్ మొదటిసారి తానే వెంటబెట్టుకుని వెళుతుంది. ఈ వైద్యంలో మందు ఏదైనా వుందీ అంటే, అది తోటా కాదు, పాటా కాదు, ఆ తోడు వెళ్ళడమేనని నా నమ్మకం.

కనుక ఆ సోదరి తన వదినగారికి చెప్పవలసింది ఇది. తోట నచ్చకపోతే నచ్చలేదని నిర్మొహమాటంగా చెప్పవచ్చు. ఆవిడకు వంటలో మంచి పేరనీ, కీర్తనలు పాడతారనీ మీ ఉత్తరంలోనే వుంది. ఆ సంగతి లింక్ వర్కర్‌కు తెలిసిందా? ఇంగ్లీషు ఇబ్బందయితే దుబాసీని ఏర్పాటు చెయ్యమనవచ్చు. మొదటిరోజు తోడు రమ్మని అడగడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు. అయితే, తోట చీటీ వచ్చింది కదా అని డాక్టరును మానకూడదు. నిద్రా ఆకలీ కుదటపడకపోతే మళ్ళీ వెళ్ళాలి. బతుకుమీద విరక్తి మాటలు నోట వస్తే ఆ రోజే వెళ్ళాలి. మందులు కావలసినవారికి మందులే ఇవ్వాలి. బెంగ ఏదో వ్యాధి ఏదో తేల్చవలసింది డాక్టరు గాని, తెలుగు పాఠాలు చెప్పుకునే నేను కాదు.

ఇంతకూ ఇది పనిచేస్తుందా? ఒంటరితనం ఆయుర్దాయాన్ని తగ్గిస్తుందనడానికి లెక్కలున్నాయి. 2010లో అమెరికాలో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్, ఆమె సహచరులు 148 అధ్యయనాలనూ, వాటిలోని మూడు లక్షల పైచిలుకు మనుషులనూ కలిపి చూశారు. నలుగురితో గట్టి సంబంధాలున్నవారు బతికి వుండే అవకాశం, లేనివారికన్నా సుమారు 50 శాతం ఎక్కువని తేలింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి నివేదిక చెప్పింది. కాని జబ్బు నిజమైనంత మాత్రాన మందు నిజం కావాలని లేదు. 2017లో యార్క్ విశ్వవిద్యాలయం వారు అప్పటిదాకా ఈ చీటీలమీద వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టి, చాలావాటిని చిన్నవనీ, సరిగా చేసినవి కావనీ తేల్చారు. సోమర్‌సెట్‌లో ఫ్రూమ్ అనే చిన్న వూళ్ళో హెలెన్ కింగ్‌స్టన్ అనే వైద్యురాలు 2013లో ఈ పని మొదలుపెట్టి, జుట్టు కత్తిరించేవాళ్ళకూ, టాక్సీ నడిపేవాళ్ళకూ కూడా వూళ్ళో ఎక్కడ ఏ సాయం దొరుకుతుందో నేర్పించింది. మనసులో మాట జనం చెప్పుకునేది వాళ్ళ దగ్గరే కదా! తరవాత మూడేళ్ళలో ఆ వూరినుంచి హడావుడిగా ఆస్పత్రిలో చేరేవారు తగ్గారు, చుట్టుపక్కల మాత్రం పెరిగారు. ఒక్క వూరి లెక్కతో లోకానికి తీర్పు చెప్పకూడదు, నిజమే. సంతోషించడానికి మాత్రం అభ్యంతరం వుండకూడదు.

ఈ ఆలోచన కొత్తదీ కాదు. దక్షిణ లండన్‌లోని పెక్‌హామ్‌లో 1926లోనే స్కాట్ విలియమ్సన్, ఇన్నెస్ పియర్స్ అనే ఇద్దరు డాక్టర్లు చిన్న ఇంట్లో ఒక కేంద్రం తెరిచారు. 1935లో దానికి పెద్ద భవనం కట్టించారు. మధ్యన ఈతకొలను, చుట్టూ అద్దాలు, ఫలహారశాల, వ్యాయామశాల. వారానికి కుటుంబానికొక షిల్లింగు. చేరితే కుటుంబమంతా చేరాలి, అప్పుడప్పుడు అందరూ ఒళ్ళు చూపించుకోవాలి. అది చెయ్యండి, ఇది చెయ్యండి అని ఎవరూ అనరు. అద్దంలోనుంచి పక్కింటావిడ ఈదడం కనబడితే ఈవిడకూ ఈదాలని బుద్ధి పుట్టాలి. తోడుకోడళ్ళ సంగతి తెలిసినవాడెవడో ఆ అద్దాలు పెట్టించి వుండాలి! యుద్ధకాలంలో మూతపడి, 1946లో మళ్ళీ తెరుచుకుని, 1950లో శాశ్వతంగా మూతపడింది. 1948లో వచ్చిన జాతీయ ఆరోగ్య సేవ జబ్బుపడ్డవారికోసం పుట్టింది. జబ్బు రాకముందే మనుషులు కలుసుకునే ఇల్లు ఏ పద్దులోనూ ఇమడలేదు. ఆ భవనం ఇప్పుడు అపార్టుమెంట్లు.

అదే సేవ ఇప్పుడు చీటీలు రాస్తోంది. సంతోషమే. కాని చీటీ పట్టుకుని వెళ్ళే అంగడి ఏది? 2010కీ 2019కీ మధ్య బ్రిటన్‌లో సుమారు 800 గ్రంథాలయాలు మూతపడ్డాయి. లింక్ వర్కర్ జీతానికి డబ్బు మంజూరవుతుంది. ఆమె పంపిన మనిషి కూర్చునే గదికి అద్దె, ఆ తోటలో పార, పాటల మేస్టారికి బస్సు ఖర్చు తరచు ఎవరి పద్దులోనూ వుండవు.

మనకు అరుగులున్నాయి, ఈ గొడవ లేదనేవారు ఒకసారి వీధిలోకి చూడాలి. అరుగుల చోట స్కూటర్లున్నాయి. పిల్లలు డాలసులో, ముసలివాళ్ళు మూడో అంతస్తులో. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టినవారు పుస్తకాలకే పెట్టారు గాని, పఠన మందిరానికి రోజూ వచ్చేవారందరూ చదవడానికే వస్తారా? వార్తలు ఇప్పుడు ప్రతివారి చేతి ఫోనులోనూ వున్నాయి. అయినా పొద్దున్నే గ్రంథాలయం తలుపు తీసేసరికి గుమ్మంలో నలుగురు పెద్దలు నిలబడి వుంటారు. ఒకే దినపత్రికను నాలుగు ముక్కలుగా పంచుకుని, చదవకుండా మాట్లాడుకుంటారు. వాళ్ళకు ఏ డాక్టరూ చీటీ రాయలేదు. మా పేట గ్రంథాలయంలో ఆ గదిని మరమ్మతు పేరుతో మూసి రెండేళ్ళయింది. ఆ నలుగురిలో ఇద్దరు బస్టాండులో సిమెంటు బల్లమీద కూర్చుంటున్నారు. మిగతా ఇద్దరూ కనబడడం లేదు.